బొటనవేలు తీయకముందే వాల్వ్ తెరవండి

(విశాఖపట్నంలో పశుసంవర్ధక డిప్లొమా విద్యార్థులకు, పెంపుడు జంతువుల క్లినిక్‌లలో పనిచేసే సహాయకులకు ప్రాక్టికల్ పరీక్ష ముందు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఈ ఉక్కలో, ఇంతమంది వచ్చారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. గరివిడి నుంచి తెల్లారకుండానే బయల్దేరి వచ్చినవాళ్ళు ఉన్నారన్నారు. ఎక్కడున్నారమ్మా? అంత వెనక్కి కూర్చున్నారేం, ముందుకు రండి. ఇవాళ చెప్పేదానికంటే చూపించేది ఎక్కువ. అక్కడ కూర్చుంటే నా చెయ్యి కనపడదు.

ముందు ఒక మాట అడుగుతాను. ఈ అనస్థీషియా మెషిన్, అదే జంతువుకి మత్తిచ్చే మెషిన్, నాబ్ ఒక్కసారైనా తిప్పినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. నలుగురు... ఐదుగురు. మిగతావాళ్ళు తుడిచారు, పక్కకి తోశారు, అంతే కదా? మనల్ని కాంపౌండర్ అంటారు, అసిస్టెంట్ అంటారు. బ్రిటన్‌లో ఇదే పనికి వెటర్నరీ నర్స్ అని పేరు, దానికో చదువు, పరీక్ష, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. పేరు ఏదైనా కానివ్వండి. డాక్టరుగారు పొట్ట తెరిచాక ఆయన కళ్ళు ఎక్కడుంటాయి? గర్భసంచి మీద, రక్తనాళం మీద. మరి ఆ కుక్క ఊపిరి తీస్తోందా లేదా అని చూసేది ఎవరు? మనమే. ఇంకెవరూ లేరు ఆ గదిలో.

అందుకని ఇవాళ మందుల జోలికి పోను. ఏ ఇంజక్షన్ ఎంత డోసు అనేది డాక్టరుగారి నిర్ణయం. నేను మాట్లాడేది మన చేతిలో ఉండే వస్తువు గురించి. ఈ మెషిన్, ఈ గొట్టాలు, ఈ సంచి, ఇదిగో ఎక్కువైన గాలిని బయటికి వదిలే ఈ చిన్న వాల్వ్. ఈ వాల్వ్ గురించే ఎక్కువ చెప్తాను. చెప్పిందే చెప్తాను, ఏమీ అనుకోకండి.

మీ పరీక్ష ఎలా ఉంటుందో ముందు తెలియాలి. దీన్ని ఓస్కీ అంటారు. 1975లో డండీ అనే ఊళ్ళో రోనాల్డ్ హార్డెన్ అనే ప్రొఫెసరు, ఆయన సహచరులు డాక్టర్ల చదువు కోసం పెట్టిన పద్ధతి. తర్వాత నర్సింగ్‌కీ వచ్చింది, వెటర్నరీ నర్సింగ్‌కీ వచ్చింది. గదిలో బల్లలు వేసి ఉంటాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని, ఆ బల్లనే స్టేషన్ అంటారు. గంట కొడితే మొదలుపెట్టాలి, మళ్ళీ గంట కొడితే ఆపాలి. ఎదురుగా పరీక్ష పెట్టే మనిషి చేతిలో ఒక జాబితా. మీరు చేసింది చూసి టిక్కు పెడతారు. అవునని తలూపరు, కాదని అడ్డం తిప్పరు. మనకి అదే కష్టం. మనం టీచరు మొహం చూసి సమాధానం దిద్దుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా. అక్కడ ఆ మొహంలో ఏమీ కనపడదు.

నేను ఆ పరీక్ష రాసింది బ్రిటన్‌లో. మెషిన్ చెక్ చేసే స్టేషన్ వచ్చింది. సిలిండర్ చూశాను, గ్యాస్ ఎంత పోతోందో చూపించే ఫ్లోమీటర్ చూశాను, మత్తుమందుని ఆవిరి చేసే వేపరైజర్ చూశాను. సర్క్యూట్, అంటే మెషిన్ నుంచి జంతువు దాకా గాలి తీసుకెళ్ళే గొట్టాలు, తగిలించాను. లీక్ టెస్టుకి వాల్వ్ మూశాను, గొట్టం చివర బొటనవేలు పెట్టాను, సంచి నింపాను, పది లెక్కపెట్టాను. సంచి తగ్గలేదు. లీక్ లేదు అన్నాను. బొటనవేలు తీశాను. సంచి బుస్సుమని కుంగిపోయింది. గంట కొట్టారు. చాలా బాగా చేశాననుకుని బయటికి వచ్చాను.

ఆ స్టేషన్ పోయింది. ఎందుకు పోయిందో ఎవరైనా చెప్పగలరా?

అవును బాబూ, సరిగ్గా చెప్పావు. వాల్వ్ తెరవలేదు. మూసిన వాల్వ్ మూసినట్టే ఉండిపోయింది. సంచి ఖాళీ అయింది కదా, టెస్టు అయిపోయిందని నా మనసు అనుకుంది. కానీ సంచి ఖాళీ అయింది ఎటు నుంచి? నా వేలు ఉన్న వైపు నుంచి. అసలు ఖాళీ కావలసింది వాల్వ్ వైపు నుంచి.

అందుకని నేను నేర్పే పద్ధతి ఇది. దగ్గరికి వచ్చి చూడండి. గొట్టం చివర బొటనవేలు ఉంది. సంచి నిండింది. గేజ్ ఉన్న మెషిన్ అయితే ముల్లు 30 దగ్గర, అంటే 30 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర ఆగాలి. పది సెకన్లు ఆగాం. ఇప్పుడు బొటనవేలు తీయకూడదు. వేలు అలాగే ఉండాలి. రెండో చేత్తో వాల్వ్ తిప్పి తెరవాలి. వినండి... ఆ గాలి శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది? వాల్వ్ నుంచి. సంచి కుంగిందా? కుంగింది. ఇప్పుడు వేలు తీయాలి. దీంతో రెండు సంగతులు తేలాయి. లీక్ లేదని తేలింది, వాల్వ్ నిజంగా తెరుచుకుంటోందనీ తేలింది. మర్చిపోవడానికి ఇక చోటే లేదు, ఎందుకంటే వాల్వ్ తెరవకపోతే సంచి ఖాళీ కాదు, సంచి ఖాళీ కాకపోతే మీ వేలు అక్కడే ఇరుక్కుని ఉంటుంది.

ఇంత చిన్న విషయానికి స్టేషన్ పోగొట్టడం అన్యాయం కాదా అని ఆ రోజు నాకూ అనిపించింది. తర్వాత ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకో చెప్తాను.

ఇక్కడే, ఈ ఊళ్ళోనే, నేను పనిచేసిన ఒకచోట జరిగింది. ఆరు కిలోల పొమరేనియన్. గర్భసంచిలో చీము పట్టింది. గాజువాక నుంచి ఒక పెద్దావిడ ఆటోలో తీసుకొచ్చారు. చీర కొంగులో చుట్టుకుని తెచ్చారు పాపం. "మత్తిచ్చీసినాక మరి లేస్తాదా అమ్మా?" అని నన్ను అడిగారు. లేస్తుందమ్మా అన్నాను. లోపలికి తీసుకెళ్ళాం, మత్తిచ్చాం, గాలిగొట్టంలోకి ట్యూబ్ వేశాం, బెయిన్ అనే రకం సర్క్యూట్ తగిలించాం. ఆక్సిజన్ నిమిషానికి 3 లీటర్లు.

పొద్దున్న మెషిన్ చెక్ చేసింది కొత్తగా చేరిన అబ్బాయి. పద్ధతిగానే చేశాడు, వాల్వ్ మూసి, సంచి నింపి, లీక్ లేదని చూసి, వేలు తీసేశాడు. వాడికి ఎవరూ నేర్పలేదు. వారం నుంచి పక్కనే ఉండి చూస్తున్న నేనూ నేర్పలేదు.

లెక్క చూడండి. నిమిషానికి 3 లీటర్లు అంటే లీటరు సంచి నిండటానికి ఎంత సేపు? 20 సెకన్లు. ఆరు కిలోల కుక్క ఒక ఊపిరికి తీసుకునే గాలి ఎంత? కిలోకి 10 నుంచి 15 మిల్లీలీటర్లు, అంటే 60 నుంచి 90. చిన్న టీ గ్లాసుడు. దాని ఊపిరితిత్తుల మీదికి నిమిషానికి 3 లీటర్లు వచ్చి పడుతుంటే, బయటికి పోయే దారి మూసేస్తే, ఏమవుతుంది? ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. గుండెకి తిరిగి రావలసిన రక్తం రాదు. నాడి పడిపోతుంది. ఇంకాస్త ఆగితే ఊపిరితిత్తి పగిలి గాలి ఛాతీలో చేరుతుంది. ఇదంతా నిమిషాల మీద నడిచే పని కాదు, సెకన్ల మీద నడుస్తుంది.

నేను చార్టులో టైము రాసుకుని తలెత్తేసరికి సంచి బిర్రబిగిసిపోయి ఉంది. మెరుస్తోంది. మామూలుగా సంచి ఎలా ఉండాలి? సగం నిండిన పాల ప్యాకెట్‌లా మెత్తగా ఉండి, ఊపిరితో పాటు కదలాలి. అది కదలట్లేదు. వేలితో నొక్కితే దిగట్లేదు. కుక్క ఛాతీ పైకి లేచి అలాగే నిలబడిపోయింది.

అప్పుడు ఏం చెయ్యాలి? చెప్పండి. వాల్వ్ తెరవాలి అంటారా? ఆ కంగారులో వాల్వ్ ఎటు తిప్పాలో చేతికి గుర్తు రాదు. ముందు ట్యూబ్ నుంచి సర్క్యూట్ ఊడదీయండి. లాగెయ్యండి. అదొక్కటే. కుక్క నోటి దగ్గర దారి తెరుచుకుంటుంది, గాలి బయటికి పోతుంది. ఆ తర్వాత వాల్వ్ సంగతి. నేను లాగేశాను. ఛాతీ దిగింది. స్టెతస్కోపు పెడితే గుండె నెమ్మదిగా వినపడింది, తర్వాత పుంజుకుంది. కుక్క బతికింది. సాయంత్రం ఆ పెద్దావిడ కొంగులోనే వెళ్ళింది. ఆవిడకి ఏం జరిగిందో డాక్టరుగారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చేత్తోనే ఇవాళ మీకు చూపిస్తున్నాను.

సరే. ఇప్పుడు మొదటి నుంచి, సిలిండర్ దగ్గర నుంచి వద్దాం.

ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చడం అందరికీ వచ్చు కదా? సీలు తీసి, లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో చూసి, అప్పుడు రెగ్యులేటర్ పెడతాం. ఇక్కడా అంతే. ఇదిగో ఈ వాషర్‌ని బోడక్ సీల్ అంటారు. ఇది లేకపోతే, లేదా చితికిపోతే, సిలిండర్ తెరవగానే బుస్సుమంటుంది. మన ఊళ్ళో ఆక్సిజన్ సిలిండర్ నలుపు, భుజం తెలుపు. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ సిలిండర్ నీలం. కానీ రంగు చూసి నమ్మకండి, సముద్రపు గాలికి రంగు పెచ్చులూడిపోతుంది. మీద రాసింది చదవండి. రెండిటి మెడ మీదా చిల్లులు వేరే చోట్ల ఉంటాయి. మెషిన్ మీద సిలిండర్‌ని పట్టుకునే యోక్‌లో ఉన్న పిన్నులు ఆ చిల్లుల్లో కూర్చుంటేనే సిలిండర్ ఎక్కుతుంది. ఆక్సిజన్‌కి 2, 5 స్థానాలు. నైట్రస్‌కి 3, 5. ఎక్కట్లేదని బలవంతం చేస్తున్నారంటే తప్పు సిలిండర్ పట్టుకున్నారని అర్థం.

తగిలించే ముందు సిలిండర్ కొద్దిగా తెరిచి మూయాలి, మూతిలో దుమ్ము ఉంటే పోతుంది. మూతి మన వైపు, పక్కవాళ్ళ వైపు ఉండకూడదు. తర్వాత నెమ్మదిగా పూర్తిగా తెరవాలి. ఇంకొకటి, ఇది మన ఇళ్ళల్లో అలవాటు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. స్పానర్ బిగుసుకుపోయిందని నూనె చుక్క వెయ్యొద్దు. గ్రీజు వద్దు. కొబ్బరినూనె రాసుకున్న చేత్తో, క్రీము రాసుకున్న చేత్తో ముట్టుకోవద్దు. అంత ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే మంట అంటుకుంటుంది. ఉప్పుగాలికి తుప్పు పడుతోందా? పొడి గుడ్డతో తుడవండి, ఇంకా కదలకపోతే సిలిండర్ వెనక్కి పంపండి.

గేజ్ చదవడం వచ్చా? చిన్న సిలిండర్, ఇంగ్లీషు E అక్షరంతో 'E సైజు' అంటాం, నిండుగా ఉంటే 137 బార్ చూపిస్తుంది, లోపల సుమారు 680 లీటర్లు. ముల్లు సగానికి వస్తే గ్యాస్ కూడా సగమే, 340 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు వాడితే 170 నిమిషాలు వస్తుంది. పరీక్షలో ఈ లెక్క పైకి చెప్పండి. నైట్రస్‌కి మాత్రం ఈ లెక్క చెల్లదు. లోపల ద్రవం ఉంటుంది, ద్రవం ఉన్నంతసేపూ ముల్లు కదలదు. ద్రవం అయిపోయాక గబగబా పడిపోతుంది. దాన్ని తూకం వేసి చూడాల్సిందే.

ఆక్సిజన్ విలువ మన ఊరివాళ్ళకి వేరే చెప్పాలా? 2021 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, ఆక్సిజన్ నింపుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు బయల్దేరింది ఎక్కడి నుంచి? మన స్టీల్ ప్లాంట్ నుంచే. ట్యాంకర్లని రైలు మీదికి ఎక్కించి మహారాష్ట్ర పంపారు. ఆ రోజుల్లో ఒక సిలిండర్ కోసం మీ ఇళ్ళల్లో ఎవరెవరు ఎక్కడెక్కడ తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. అందుకని కేసు అయిపోయాక ఫ్లోమీటర్ తెరిచి వదిలేసి ఇంటికి వెళ్ళకండి.

ఫ్లోమీటర్‌కి వద్దాం. గాజు గొట్టంలో తేలే ముక్క ఉంది చూశారా. బొంగరంలా ఉండేది బాబిన్, దాని పై అంచు దగ్గర చదవాలి. గుండు అయితే మధ్యలో చదవాలి. కంటి ఎత్తులో పెట్టి చదవాలి, పై నుంచి వంగి చూస్తే తప్పు అంకె కనపడుతుంది. బాబిన్ తిరుగుతూ ఉండాలి, తిరగకపోతే ఎక్కడో అంటుకుంది. మూసేటప్పుడు వేలి బలం చాలు. లోపల సన్నని సూది ఉంటుంది, కుళాయి బిగించినట్టు బిగిస్తే అది పాడైపోతుంది.

వేపరైజర్. లోపలి మత్తుమందుని బట్టి రంగు ఉంటుంది. ఊదా రంగు ఐసోఫ్లురేన్, పసుపు సెవోఫ్లురేన్, ఎర్రది పాత హాలోథేన్. ఒకదాంట్లో ఇంకోటి పోయకూడదు, ఒక్క చుక్క కూడా. నింపేటప్పుడు డయల్ సున్నా మీద ఉండాలి. గీత దాకా నింపి, మూత బిగించి, ఇంకోసారి తడిమి చూడండి. ఒరగనివ్వకండి. సర్క్యూట్‌కి కుక్క తగిలించి ఉన్నప్పుడు ఆక్సిజన్ ఫ్లష్ బటన్ నొక్కకండి. అది వేపరైజర్‌ని దాటేసి నిమిషానికి 35 నుంచి 75 లీటర్లు కొడుతుంది. ఇందాక 3 లీటర్లకే ఏమైందో చెప్పాను.

వాసన గురించి కూడా చెప్పాలి. మందు తియ్యగా వాసన వస్తోందంటే అది మీ ఊపిరితిత్తుల్లోకి పోతోంది. చాలా క్లినిక్‌లలో వాల్వ్ నుంచి వచ్చే వ్యర్థ గ్యాస్‌కి గొట్టమే పెట్టరు, కిటికీ తెరిచి ఉందిలే అంటారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన ఆవిరి ఏం చేసిందో ఈ ఊరు చూసింది. మనుషులూ పోయారు, కట్టేసిన పశువులూ పోయాయి. మన గదిలో వచ్చేది అంత కాదు, ఆ పదార్థమూ కాదు. కానీ ఆవిరిని తేలిగ్గా తీసుకునే హక్కు మన ఊరివాళ్ళకి లేదు. గొట్టం పెట్టమని అడగండి. కడుపుతో ఉన్న అమ్మాయిలు ముందే చెప్పండి, దాచుకోకండి. వ్యర్థ గ్యాస్‌ని పీల్చుకునే బొగ్గు డబ్బా వాడితే, దాన్ని వాడకముందు ఎంత బరువుందో మీద రాసి పెట్టుకుని, రోజూ తూకం వెయ్యండి. కంపెనీ చెప్పినంత బరువు పెరిగాక పారెయ్యాలి. నైట్రస్‌ని ఆ బొగ్గు పట్టుకోదు, గుర్తుంచుకోండి.

సర్క్యూట్ ఎంచుకోవడం. ఇక్కడ పిల్లలు భయపడతారు, లెక్క ఉంటుంది కాబట్టి. ఒక్క లెక్కే. జంతువు నిమిషానికి పీల్చే గాలి కిలోకి 200 మిల్లీలీటర్లు అనుకోండి. టీ-పీస్, బెయిన్ అనే రెండు రకాల సర్క్యూట్లకి దాన్ని రెండున్నరతో హెచ్చించండి. నాలుగు కిలోల పిల్లి. నాలుగు రెండొందలు ఎనిమిది వందలు. ఎనిమిది వందలు ఇంటూ రెండున్నర, రెండు వేలు. నిమిషానికి 2 లీటర్లు. అయిపోయింది. పది కిలోల కుక్కకి బెయిన్‌లో ఎంత? వెనక నుంచి చెప్పండి. ఐదు! సరిగ్గా చెప్పారు. పెద్ద కుక్కకి అందుకే, వదిలిన గాలిని శుభ్రం చేసి మళ్ళీ వాడే సర్కిల్ సర్క్యూట్ వాడతాం, లేకపోతే సిలిండర్ నిలవదు. సర్కిల్‌లో కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే సోడాలైమ్ రంగు కేసు అయిన వెంటనే చూడండి. తెల్లారేసరికి రంగు వెనక్కి పోయి కొత్తదానిలా కనపడుతుంది.

బెయిన్‌కి ఇంకో పరీక్ష ఉంది, చాలామంది చెయ్యరు. ఇది గొట్టంలో గొట్టం. లోపలి గొట్టం ఊడిపోయినా బయటికి తెలియదు, జంతువు వదిలిన గాలే మళ్ళీ పీలుస్తుంది. అందుకని 2 మిల్లీలీటర్ల సిరంజి ప్లంజర్ తీసుకుని లోపలి గొట్టం మూతి మూయండి. ఫ్లోమీటర్ వైపు చూడండి. బాబిన్ ఒక్కసారి కిందికి దిగిందా? దిగితే లోపలి గొట్టం బాగున్నట్టు. దిగకపోతే ఆ సర్క్యూట్ పక్కన పెట్టేయండి.

ట్యూబ్ గురించి కొంచెం. ట్యూబ్ చివర ఉండే గాలి బుడగని కఫ్ అంటారు, దాన్ని ముందే ఊది, కాసేపు ఉంచి, దిగలేదని చూసి, గాలి తీసేయాలి. పొడవు జంతువు పక్కన పెట్టి కొలవాలి, పళ్ళ దగ్గర నుంచి భుజం దాకా. పిల్లి దగ్గర ఇంకా జాగ్రత్త. దాని గాలిగొట్టం పలచన. కఫ్ ఎక్కువ ఊదితే చీలుతుంది. సర్క్యూట్ తగిలించి ఉండగానే పిల్లిని ఇటు నుంచి అటు తిప్పినా చీలుతుంది. కాబట్టి తిప్పేటప్పుడు ఊడదీయాలి, తిప్పాలి, మళ్ళీ తగిలించాలి. పరీక్షలో బొమ్మ కుక్క ఉంటుంది. బొమ్మే కదా అని అలాగే తిప్పేస్తారు. అక్కడే మార్కులు పోతాయి.

బ్రిటన్‌లో లక్షకు దగ్గరగా కుక్కల్ని, దాదాపు 80 వేల పిల్లుల్ని లెక్కలోకి తీసుకుని ఒక అధ్యయనం చేశారు, 2008లో అచ్చయింది. మత్తు వల్ల చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. అందులో సగానికి పైగా ఎప్పుడు చనిపోయాయో తెలుసా? బల్ల మీద కాదు. ఆపరేషన్ అయిపోయాక. అందులోనూ ఎక్కువ మొదటి 3 గంటల్లో. అంటే మనం హమ్మయ్య అని చేతులు కడుక్కుని టీకి వెళ్ళే టైములో. ట్యూబ్ తీశాక కూడా దాని పక్కనే కూర్చోండి. డాక్టరుగారు తర్వాతి కేసుకి పిలిచినా, ఇది తలెత్తేదాకా ఇంకొకరిని పక్కన పెట్టి కదలండి. నోరు విప్పి అడగండి, తప్పు లేదు.

ఆఖరుగా పరీక్ష గదిలో ఎలా ఉండాలి అనేది. చేసేది పైకి చెప్తూ చెయ్యండి. మీ మనసులో చూసుకున్నది జాబితాలోకి ఎక్కదు. "సిలిండర్ 100 బార్ ఉంది, సుమారు 500 లీటర్లు" అని మాటగా రావాలి. ఇంగ్లీషులోనే చెప్పాలని పరీక్ష పెట్టేవాళ్ళు అడిగితే తప్ప, వచ్చిన భాషలో స్పష్టంగా చెప్పండి. తప్పు చేశామని మధ్యలో తెలిస్తే దాచకండి. "ఇది తప్పు చేశాను, మళ్ళీ చేస్తున్నాను" అని చెప్పి దిద్దుకోండి. చాలామంది తప్పు కప్పిపుచ్చుకోవడానికి తొందరపడి ఇంకో రెండు తప్పులు చేస్తారు. టైము చాలదని భయం వద్దు. నేను గడియారం పెట్టి చూశాను, చేతులు అలవాటు పడితే ఈ మెషిన్ చెక్ అంతా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అలవాటు పడకపోతే అరగంటైనా చాలదు.

ఇక మాటలు చాలు. మెషిన్ దగ్గరికి నలుగురు నలుగురు చొప్పున రండి. గరివిడి వాళ్ళకి బస్సు ఉందట, మీరు ముందు రండి. చేతులు కడుక్కోండి, క్రీములు ఉంటే తుడుచుకోండి. ఉంగరాలు తీసి జేబులో పెట్టుకోండి. రామ్మా, నువ్వే మొదలుపెట్టు. వాల్వ్ మూయి. చివర బొటనవేలు పెట్టు. సంచి నింపు... ఆగు, ఇంకా కొంచెం... ముల్లు చూడు. ఆ, 30. లెక్కపెట్టు, గట్టిగా, అందరికీ వినపడాలి. తీయకు, వేలు తీయకు. వాల్వ్ ఎక్కడుందో చూసుకో, తిప్పు. వినపడిందా?